పేరు ఒకరిది, జాగ ఇంకొకరిది

మొన్న మా అక్క మనవడు వచ్చి, "తాతా, బర్గర్ల కంపెనీ షేర్లు కొంట, ఊరూరా దుకాణాలే" అన్నడు. చేతిలో ఉన్నయి వాళ్లమ్మ బీడీలు చుట్టి దాచిన పైసలు.

"దుకాణాలుంటే జాగలు వాళ్లయేనారా?" అనడిగిన. మన టెంఘర్‌ల చూస్తలేమా, సాంచాలు ఒకరివి, షెడ్డు ఇంకొకరిది, నూలు మరొకరిది. ఫ్రాంచైజీ హోటళ్లు కూడా అంతే. పేరు పెద్ద కంపెనీది, జాగ ఎక్కువగా కిరాయిది. ఒప్పందం తెగితే బోర్డు దిగుతది. ఉత్తర, తూర్పు భారతంలో 169 దుకాణాలు నడిపే కంపెనీతో మెక్‌డొనాల్డ్స్ 2017లో ఒప్పందం రద్దు చేసుకుంది.

ఇగ లెక్కల సంగతి. సత్యం కంప్యూటర్స్ మన హైదరాబాదుదే. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజే లెక్కలు తప్పని ఒప్పుకున్నడు. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవు. ఆ లెక్కల మీద ఆడిటర్ల సంతకాలున్నయి! ఒక్క రోజుల షేరు ధర మూడొంతులకు పైగా పడ్డది.

అందుకే, కొనేముందు కంపెనీ వార్షిక నివేదిక సదువుకున్న పిల్లలతో చదివించుకోండి. సొంత జాగలెన్ని, కిరాయివెన్ని? గడువెప్పటి దాక? పేరు ఒప్పందం ఎన్నేండ్లు? ఆడిటరు ఏం రాసిండు, మధ్యల మారిండా? 2019 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు ముందుముందు కట్టాల్సిన కిరాయిని కూడా బాకీ కింద చూపాలె. అది చూడండి.

గుడ్డ కొంటే వెనక్కి తిప్పి చూస్తం గదా! పిల్లగాడు ఆ కాయిదాలు తెస్తనని పోయిండు. పైసలు ఇంకా వాళ్లమ్మ దగ్గరే ఉన్నయి.