గట్టు వేస్తే బావులు రెండవుతాయా?

మా తాతగారు పోయాక నాన్నకీ పెదనాన్నకీ పొలం పంచారు. మధ్యన గట్టు పడింది, రాళ్లు పాతారు, పాసు పుస్తకాలు వేరయ్యాయి. బావి మాత్రం ఒక్కటే, మోటారూ ఒక్కటే. నీళ్లు పెదనాన్న చేలోకి పారుతున్నంతసేపూ మా చేను నోరు తెరుచుకుని చూడాల్సిందే. కంప్యూటరు గురించి రాస్తానని చెప్పి పొలం గొడవ ఎత్తుకున్నాడేమిటి అనుకోకండి. ఈ ఏడు యూనియన్ గదిలో నన్ను నాలుగు రోజులు తిప్పలు పెట్టిన సమస్య ఇంచుమించు ఇదే.

మన యూనియన్ గదిలో ఒక పాత డెస్క్‌టాప్ ఉన్న సంగతి మీకు తెలుసు. దాని హార్డ్ డిస్కు 500 గిగాబైట్లది. సి, డి, ఇ అని మూడు పార్టిషన్లు. పాత సావనీర్ల స్కాన్ ప్రతులు, వార్షికోత్సవాల ఫోటోలు సుమారు 40 గిగాబైట్ల దాకా డి లో ఉన్నాయి. వాటికి మరో ప్రతి ఎక్కడా లేదు. డి ని ఖాళీ చేయాలి, అన్నీ ఇ లోకి మార్చు అని ఆ పని నాకప్పగించారు. కాపీ పెట్టాను. మొదట సెకనుకు 30 మెగాబైట్లు నడిచింది. టీ తాగి వచ్చేసరికి రెండుకు దిగింది. కాసేపటికి అర మెగాబైటు కూడా లేదు. ఇంకా తొమ్మిది గంటలు పడుతుందని చూపిస్తోంది.

“వైరస్ తమ్ముడూ! డి ఫార్మాట్ కొట్టెయ్, దెబ్బకి పరిగెడుతుంది” అన్నాడో సీనియర్ అన్న. ఆ మాట విని ఉంటే నేనిప్పుడు వ్యాసం కాదు, క్షమాపణ పత్రం రాస్తూ ఉండేవాణ్ణి.

అసలు హార్డ్ డిస్కు లోపల ఏముంటుంది? అద్దంలాంటి పళ్లేలు నిమిషానికి 7200 సార్లు తిరుగుతూ ఉంటాయి. వాటి మీద ఒక చెయ్యి అటూ ఇటూ కదులుతుంది, దాని కొసన చదివే, రాసే తలలు ఉంటాయి. తలలు ఎన్ని ఉన్నా చెయ్యి ఒక్కటే కనుక అన్నీ కలిసే కదలాలి. పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే సుమారు 4. చెయ్యి ఆ వరుస దగ్గరికి చేరడానికి ఇంకో 9 అనుకోండి. మొత్తం 13 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు డెబ్బై అయిదు చోట్లకు మించి వెళ్లలేదు. చోటుకు 4 కిలోబైట్ల చొప్పున ఏరుకుంటూ పోతే సెకనుకు దక్కేది 300 కిలోబైట్లే! అదే డిస్కు వరసగా చదువుకుంటూ పోతే వంద మెగాబైట్లు కూడా ఇస్తుంది.

దున్నేవాళ్లకి ఇది కొత్త కాదు. పొడవాటి చేలో ట్రాక్టరు సాఫీగా పోతుంది. అంతే విస్తీర్ణం చిన్న చిన్న మడులుగా ఉంటే, దున్నడం కన్నా మలుపులు తిప్పడానికే డీజిలు అయిపోతుంది.

ఇక పార్టిషన్ అంటే డిస్కు మొదట్లో రాసిపెట్టుకున్న హద్దుల పట్టిక, అంతే. ఇక్కణ్ణించి ఇక్కడిదాకా డి, ఆ తర్వాత ఇ అని. మన తెర మీద రెండు వేరు వేరు డ్రైవుల్లా కనిపిస్తాయి గానీ, చెయ్యి ఒక్కటే. డి లో కొంత చదివి, ఇ దాకా పోయి రాసి, మళ్లీ డి కి రావాలి. విండోస్ కొంత కొంత మెమరీలో పోగుచేసి ఈ తిరుగుడు తగ్గిస్తుంది, కానీ పూర్తిగా తప్పించలేదు. పైగా చివరి పార్టిషన్ సాధారణంగా పళ్లెం లోపలి అంచువైపు ఉంటుంది. అక్కడ చుట్టు చిన్నది కనుక ఒక చుట్టులో పట్టే సమాచారమూ తక్కువే.

ఒక ఫోల్డరును డి లోనే ఒక చోటి నుంచి మరో చోటికి మారిస్తే క్షణంలో అయిపోవడం మీరు చూసే ఉంటారు. అక్కడ సరుకు కదలదు, పట్టికలో పేరు మారుతుందంతే. డి నుంచి ఇ కి అయితే సరుకు మొత్తం మొయ్యాల్సిందే.

ఇదంతా నిజమా కాదా అని ఫిజిక్సు లాబ్‌లో ఖాళీగా ఉన్న మరో హార్డ్ డిస్కు అడిగి తెచ్చి, అదే పెట్టెలో కలిపాను. రెండు గిగాబైట్ల వీడియో డి నుంచి ఇ కి 63 సెకన్లు తీసుకుంది. డి నుంచి కొత్త డిస్కుకు 24. లెక్క కుదిరిందని సంబరపడ్డాను.

కానీ ఆ రాత్రి హాస్టల్లో పడుకున్నాక ఒక అనుమానం పట్టుకుంది. ఫోటోలు ఒక్కొక్కటి మూడేసి మెగాబైట్లు. వాటిని అటూ ఇటూ తిరుగుతూ మోసినా అర మెగాబైటుకు దిగకూడదే!

మర్నాడు టాస్క్ మేనేజర్ తెరిచాను. డిస్కు నూటికి నూరు పాళ్లు పనిలో ఉన్నట్టు ఉంది, వేగం మాత్రం సున్నా దగ్గర. యాంటీ వైరస్ కాసేపు ఆపి చూశాను, మార్పు లేదు. కేబులు వదులైనా ఇలా జరుగుతుందంటారు. తీసి మళ్లీ గట్టిగా బిగించాను, లాభం లేదు. చెవి దగ్గరపెట్టి వింటే టిక్కు టిక్కుమని చప్పుడు. అప్పుడు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము వేస్తే పసుపుపచ్చ రంగులో హెచ్చరిక! కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్ అన్న వరుసలో 18 అని ఉంది. ఆ ప్రోగ్రాము ఈ అంకెలను పదహారు మూలంగా ఉన్న లెక్కలో చూపిస్తుంది కాబట్టి మన లెక్కలో అది 24. అంటే 24 చోట్ల డిస్కు తాను రాసుకున్నది తానే చదవలేకపోతోంది. అలాంటి చోటు తగిలినప్పుడు చుట్టు తరవాత చుట్టు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మిగతా ఫైళ్లన్నీ దాని వెనకాల వరసలో నిలబడతాయి.

వెంటనే ఇ కి కాపీ ఆపేశాను. జబ్బుపడ్డ డిస్కు చేత అదనంగా రాయించడం ఒక తప్పు. అంతకన్నా పెద్ద తప్పు, డి లో ఒకటి, ఇ లో ఒకటి, రెండు ప్రతులున్నాయి కదా అని నేను నిబ్బరంగా ఉండటం. డిస్కు పోతే రెండూ కలిసే పోతాయి. మా అమ్మ విత్తనాలు రెండు కుండల్లో పోసి, ఒకటి అమ్మమ్మ గారింటికి పంపిస్తుంది. రెండూ ఒకే చూరు కింద పెట్టదు. అమ్మ హార్డ్ డిస్కు ఎప్పుడూ చూడలేదు!

లాబ్ డిస్కులోకి ముందు బాగా కాపీ అవుతున్న ఫోల్డర్లన్నీ తీసేశాను. మొరాయిస్తున్నదాన్ని చివరికి అట్టేపెట్టాను, మధ్యలో డిస్కు చచ్చినా మిగతావి చేతిలో ఉంటాయని. తెల్లవారేసరికి 40 గిగాబైట్లూ బయటపడ్డాయి, పదకొండు ఫోటోలు తప్ప. ఇప్పుడు ఆ గదిలో ఎస్‌ఎస్‌డి పెట్టారు. అందులో తిరిగే పళ్లేలూ, కదిలే చెయ్యీ ఉండవు కనుక ఈ పార్టిషన్ల తిరుగుడు బాధ లేదు. రెండో ప్రతి లైబ్రరీ బీరువాలో వేరే డిస్కులో ఉంది.

పోయిన పదకొండూ 2011 కబడ్డీ జట్టువి. ఆనాటి విద్యార్థుల ఇళ్లలో ప్రింట్లు ఏవైనా ఉంటే యూనియన్ గదిలో ఇవ్వండి. స్కాన్ చేసుకుని అదే రోజు తిరిగి ఇచ్చేస్తాను.