కందిలో లెక్క, రొంపిచెర్లలో బొమ్మ

సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న పరమ్ సేవ సూపర్ కంప్యూటర్ లినక్స్ మీద నడుస్తుంది. అక్కడ చదివే రొంపిచెర్ల విద్యార్థి సెలవులకు ఇంటికొస్తే చేతిలో ఉండేది విండోస్ ల్యాప్‌టాప్. అయినా అలాంటి దూరపు యంత్రంలో నడిచే గ్రాఫు ప్రోగ్రామును ఇంట్లో తెరమీద తెరిచి మౌసుతో తిప్పి చూడొచ్చు. నలభయ్యేళ్ళు దాటిన ఎక్స్ విండో సిస్టమ్ చలవ అది.

1984లో అమెరికాలోని ఎంఐటీలో అథీనా ప్రాజెక్టు నడుస్తోంది. రకరకాల కంపెనీల కంప్యూటర్లు తెచ్చి పెట్టారు. విద్యార్థి దేని ముందు కూర్చున్నా అవే ప్రోగ్రాములు కనిపించాలి. బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన డబ్ల్యూ అనే విండో వ్యవస్థను తీసుకున్నారు. అందులో ప్రతి ఆజ్ఞకూ జవాబు వచ్చేదాకా ప్రోగ్రాము ఆగాలి. ఆ ఎదురుచూపును చాలావరకు తీసేస్తే ఎక్స్ తయారైంది. 1987 సెప్టెంబరులో వచ్చిన పదకొండో వెర్షనే ఈనాటికీ వాడుకలో ఉంది.

దీని గొప్పతనమంతా పని పంచడంలో ఉంది. లెక్క చేసేది దూరపు ప్రోగ్రాము. గీసేది మన ముందున్న కంప్యూటర్. ‘ఇక్కడ గీత గీయి, అక్కడ ఈ అక్షరం పెట్టు’ అని ఆజ్ఞలొస్తాయి, మన మౌసు నొక్కులు వెనక్కి వెళతాయి. గీసేవాడికి ఈ ఆజ్ఞల భాష తెలిస్తే చాలు, విండోస్ అయినా పేచీ లేదు. అందుకే విండోస్‌లో ఈ గీసే పని చేసే ఎక్స్‌మింగ్, వీసీఎక్స్‌సర్వ్, మోబాఎక్స్‌టెర్మ్ వచ్చాయి.

మన లిపికి మాత్రం మొదట్లో అన్యాయం జరిగింది. పాత పద్ధతిలో గీసే యంత్రం దగ్గరే ఫాంట్లు ఉండేవి. ఒత్తులు, గుణింతాలు కూర్చే తెలివి దానికి లేదు. 2000 తర్వాత ఆ పని ప్రోగ్రాము వైపుకు మారింది. ఇప్పుడు అక్షరాల రూపాలు అక్కడే తయారై వస్తాయి కనుక ఇక్కడ ఆ తెలుగు ఫాంటు లేకపోయినా ఫరవాలేదు.

దూరం పెరిగితే ఎక్స్ నెమ్మదిస్తుంది. ప్రోగ్రాములు ఇంకా కొన్ని ప్రశ్నలు అడిగి జవాబు కోసం ఆగుతాయి. సిగ్నల్ అంతంతమాత్రమైతే మెనూ తెరుచుకోవడానికీ ఓపిక పట్టాలి. అప్పుడు ఆ ఎదురుచూపును తగ్గించే ఎక్స్‌టూగో ప్రోగ్రాము మేలు.

భద్రత ఇంకా ముఖ్యం. ఎక్స్ సొంతంగా ఏదీ దాచదు. 1995లో ఫిన్లాండ్‌కు చెందిన టాటు యిలోనెన్ రాసిన ఎస్‌ఎస్‌హెచ్ ఆ రాకపోకలను రహస్యంగా మోస్తుంది. తొందరలో ‘ఎక్స్‌హోస్ట్ ప్లస్’ అనే ఆజ్ఞ కొట్టి అందరికీ తలుపులు తెరవకండి. లోపలికొచ్చినవాడు మీరు కొట్టే పాస్‌వర్డు కూడా చదవగలడు. ఎప్పుడూ ఎస్‌ఎస్‌హెచ్ దారిలోనే వెళ్ళండి.