మూడు నెలలు నిండకుండానే ముగిసిన బేస్‌బాల్ లీగ్

కరీబియన్ ప్రాంతంలో 1979 ఏప్రిల్‌లో ఇంటర్-అమెరికన్ లీగ్ అనే కొత్త బేస్‌బాల్ పోటీ ప్రారంభమైంది. ఒక్కో జట్టు 130 మ్యాచ్‌లు ఆడాలన్నది ప్రణాళిక. కానీ జూన్ 30నే లీగ్ మూతపడింది. బేస్‌బాల్‌ను ప్రాణంగా ప్రేమించే ప్రాంతంలో అది ఎందుకు నిలవలేకపోయింది?

మైనర్ లీగ్ అంటే?

అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో మేజర్ లీగ్‌కు దిగువన మైనర్ లీగ్‌లు అంచెలంచెలుగా ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా పై అంచె ట్రిపుల్-ఏ. సాధారణంగా మైనర్ జట్టు ఒక మేజర్ జట్టుకు అనుబంధంగా ఉంటుంది. ఆటగాళ్ల జీతాలను ఆ పెద్ద జట్టే భరిస్తుంది. ఇంటర్-అమెరికన్ లీగ్‌కు ట్రిపుల్-ఏ హోదా దక్కింది కానీ, ఈ అండ దక్కలేదు. జీతాలతో సహా ఖర్చులన్నీ జట్ల యజమానులపైనే పడ్డాయి.

మదురో ఆశయం

లీగ్ స్థాపకుడు బాబీ మదురో క్యూబా దేశస్థుడు. ఆయన జట్టు హవానా షుగర్ కింగ్స్ 1959లో జూనియర్ వరల్డ్ సిరీస్ గెలిచింది. క్యూబా విప్లవానంతర పరిణామాల్లో, 1960 జులైలో, ఆ జట్టును అమెరికాలోని జెర్సీ సిటీకి తరలించారు. లాటిన్ అమెరికా నగరాల్లో ఉన్నతస్థాయి బేస్‌బాల్ ఆడించాలన్న ఆశయాన్ని ఆయన దాదాపు రెండు దశాబ్దాల తరువాత మళ్లీ చేపట్టారు. మయామి, శాంటో డొమింగో, పనామా, ప్యూర్టో రికోల నుంచి ఒక్కో జట్టు, వెనెజులా నుంచి రెండు జట్లు బరిలోకి దిగాయి.

దూరమే భారం

అమెరికాలో చిన్న లీగ్‌ల జట్లు బస్సుల్లో తిరిగి ఖర్చు తగ్గించుకోగలవు. ఇక్కడ మాత్రం దాదాపు ప్రతి పర్యటనకూ సముద్రం దాటాలి. విమాన ఛార్జీలకు వీసా చిక్కులు, వర్షాలు తోడయ్యాయి. మ్యాచ్ రద్దయితే టికెట్ల ఆదాయం పోతుంది, ఖర్చు మాత్రం మిగులుతుంది. జూన్ మధ్యలో పనామా, ప్యూర్టో రికో జట్లు తప్పుకున్నాయి. మిగిలిన నాలుగు జట్లతో లీగ్ రెండు వారాలకు మించి సాగలేదు.

లోపం ఆటలో లేదు. డేవీ జాన్సన్ నాయకత్వంలో మయామి అమిగోస్ 51 మ్యాచ్‌లు గెలిచి, 21 మాత్రమే ఓడింది. అదే జాన్సన్ శిక్షణలో న్యూయార్క్ మెట్స్ 1986లో వరల్డ్ సిరీస్ గెలిచింది. మదురో ఆ ఏడాదే కన్నుమూశారు. మరుసటి ఏడాది మయామి స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. 2001లో ఆ స్టేడియాన్నీ కూల్చివేశారు.