ఈకోని మినీ క్యాంపర్‌గా మార్చా: 1280 వాట్-అవర్లలో రెండు రాత్రులు ఎలా గడిచాయంటే

యూట్యూబ్‌లో క్యాంపర్ వ్యాన్ వీడియోలు చూస్తే మొదట కనిపించేది మంచం, తర్వాత ఫెయిరీ లైట్లు, తర్వాత కాఫీ కప్పు. కానీ చిన్న వ్యాన్‌లో అసలు ప్రాజెక్ట్ ఇవేవీ కాదు. రాత్రి పదికి బ్యాటరీలో ఎంత ఉంది, పొద్దున ఆరింటికి ఎంత మిగులుతుంది, ఈ మధ్యలో ఏది ఆగినా పర్లేదు, ఏది అస్సలు ఆగకూడదు... ప్రాజెక్ట్ అంటే ఈ లెక్కే. మిగతాదంతా డెకరేషన్.

నా విషయంలో "అస్సలు ఆగకూడనిది" ఒకటుంది. నాన్నకి స్లీప్ యాప్నియా. రోజూ సీపాప్ మెషీన్ పెట్టుకునే పడుకుంటారు. వ్యాన్ కొంటున్నా అని చెప్పగానే ఆయన అన్నది ఒక్కటే: "నీ ల్యాప్‌టాప్ ఆగిపోతే మీ ఆఫీసు వాళ్ళు అరుస్తారు. నా మెషీన్ ఆగిపోతే మీ అమ్మ అరుస్తుంది. ఏది ముందో నువ్వే చూసుకోరా." ఈ బిల్డ్ మొత్తానికి స్పెక్ షీట్ ఆ మాటే.

బండి: ఈకోనే ఎందుకు?

నాది సెకండ్ హ్యాండ్ మారుతి ఈకో, 5 సీటర్ పెట్రోల్. పొడవు 3,675 మిల్లీమీటర్లు, వెడల్పు 1,475, ఎత్తు దాదాపు 6 అడుగులు. అంటే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మామూలు కారు స్లాట్‌లోనే పడుతుంది. లోపల డబ్బాలా చదరంగా ఉంటుంది కాబట్టి ప్రతి అంగుళం పనికొస్తుంది. స్లైడింగ్ డోర్లు ఉన్నాయి, వెనక డోరు పైకి లేస్తుంది. దాని కిందే వంటిల్లు.

మైనస్‌లు కూడా చెప్పాలి. లోపల నిలబడలేం. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి లాంగ్ డ్రైవ్ తర్వాత అక్కడ ఫ్లోర్ వేడెక్కుతుంది. అందుకే బ్యాటరీని పూర్తిగా వెనక్కి పెట్టాను. టాయిలెట్ లేదు. పెట్రోల్ బంకులు, దాబాలు, హోటళ్ళే దిక్కు.

చట్టం సంగతి ముందే తేల్చుకోండి

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని మార్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. ఫ్యాక్టరీ స్థాయిలో కట్టే మోటార్ కారవాన్లకి ఏఐఎస్-124 అనే స్టాండర్డ్ వేరే ఉంది. మన గ్యారేజ్ బిల్డ్‌కి అది వర్తించదు.

కాబట్టి నేను పెట్టుకున్న రూల్ ఇది: ప్రతి వస్తువూ లగేజీలా ఉండాలి. బాడీకి ఒక్క కొత్త రంధ్రం లేదు, సీటు బోల్టులు ముట్టుకోలేదు, రూఫ్ కొయ్యలేదు. మంచం, ఫ్రిజ్, బ్యాటరీ బాక్స్ అన్నీ అరగంటలో దించేయొచ్చు. దించాక అది మళ్ళీ మామూలు ఈకో. ఇంతకంటే పెద్ద మార్పు చెయ్యాలనుకుంటే డబ్బు ఖర్చుపెట్టే ముందే మీ ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో కనుక్కోండి. క్లెయిమ్ రోజున కనుక్కుంటే లాభం లేదు.

మంచం మూడు ముక్కల ప్లైవుడ్, పైన ఫోమ్. కార్పెంటర్ 18 మిల్లీమీటర్ల షీట్ వేద్దామన్నాడు. 8×4 షీట్ 18 ఎంఎంలో సుమారు 34 కిలోలు, 12 ఎంఎంలో 23 కిలోలు. కింద అడ్డ పట్టీలు దగ్గరగా వేయించి 12తో సరిపెట్టాను. చిన్న ఇంజిన్‌కి ప్రతి 10 కిలోలూ ఘాట్ రోడ్డు మీద తెలుస్తాయి.

లెక్క మొదట, షాపింగ్ తర్వాత

ఒక్క వస్తువు కూడా కొనకముందు ఎక్సెల్ షీట్ తెరిచాను. 24 గంటలకి వాట్-అవర్లలో ఇదీ నా బడ్జెట్:

• కంప్రెసర్ ఫ్రిజ్, 18 లీటర్లు: 400
• సీపాప్, 25 వాట్లు × 8 గంటలు: 200
• ల్యాప్‌టాప్, ఒక పని రోజుకి: 200
• బీఎల్‌డీసీ ఫ్యాన్, 15 వాట్లు × 8 గంటలు: 120
• ఫోన్లు: 40
• ఎల్‌ఈడీ లైట్లు: 25

మొత్తం 985. 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1280 వాట్-అవర్లు ఉంటాయి. అందులో 90 శాతం వాడుకుంటే 1152. అంటే ఛార్జింగ్ ఏమీ లేకపోయినా ఒక రోజు గడుస్తుంది, కాస్త మిగులుతుంది కూడా.

"ఇంట్లో పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది కదా" అని చాలామంది అడిగారు. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలకి పైనే ఉంటుంది. లెడ్ యాసిడ్‌ని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు పడిపోతుంది కాబట్టి నిజంగా వాడుకునేది 900 వాట్-అవర్లే. పైగా ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. మనం పడుకునే గదిలో దానికి చోటు లేదు. నా లిథియం బ్యాటరీ బరువు 12 కిలోలు.

ఇంకో రెండు ప్రశ్నలకి ఇదే షీట్ జవాబు చెప్తుంది. ఇండక్షన్ స్టవ్? 1500 వాట్లతో 20 నిమిషాలు వండితే 500 వాట్-అవర్లు, అంటే నాన్న రెండు రాత్రుల నిద్ర కంటే ఎక్కువ. రాత్రంతా ఏసీ? 12 వోల్టుల చిన్న ఏసీ సగటున 500 వాట్లు తీసుకున్నా 8 గంటలకి 4000. ఇలాంటి బ్యాటరీలు మూడు పెట్టినా చాలవు. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ దాకా మా వ్యాన్‌కి సెలవు. ఎండలో మూసి ఉంచిన క్యాబిన్ వేడి బ్యాటరీకి కూడా మంచిది కాదు.

ఫ్రిజ్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చవగ్గా దొరికే "కార్ కూలర్లు" ఎక్కువగా థర్మోఎలక్ట్రిక్ రకం. 50 వాట్లు ఆగకుండా లాగుతాయి, రోజుకి 1200 అవుతుంది. చల్లదనం కూడా బయటి వేడి కంటే 20 డిగ్రీలు తగ్గితే గొప్ప. స్పెక్‌లో "కంప్రెసర్" అనే మాట లేకపోతే వదిలేయండి.

స్టిక్కర్‌ని నమ్మకండి, టెస్ట్ చేయండి

మొదట ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర తెప్పించిన బ్యాటరీ మీద 100 ఏహెచ్ అని ఉంది. ఫుల్ ఛార్జ్ చేసి, స్థిరమైన లోడ్ పెట్టి, బీఎంఎస్ కట్ అయ్యేదాకా కొలిచాను. వచ్చింది 71. ఫోన్ రివ్యూలో బ్యాటరీ డ్రెయిన్ టెస్ట్ చేస్తాం చూడండి, అచ్చం అదే. రీడింగుల స్క్రీన్‌షాట్లు పంపితే రిటర్న్ తీసుకున్నారు. రెండోది 101 ఇచ్చింది. రిటర్న్ గడువు లోపలే ఈ టెస్ట్ చెయ్యండి.

వైరింగ్: 12 వోల్టులని తేలిగ్గా తీసుకోవద్దు

వోల్టేజ్ తక్కువైతే కరెంట్ ఎక్కువ. కారు బ్యాటరీ నుంచి వెనకున్న 20 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్‌కి 3 మీటర్ల దూరం, రానూ పోనూ 6 మీటర్ల వైరు. ఇళ్ళల్లో వాడే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే దాదాపు 0.9 వోల్టులు దారిలోనే పోతాయి, వైరు కూడా వేడెక్కుతుంది. 10 స్క్వేర్ ఎంఎం వేస్తే పోయేది 0.25 లోపే. నేను 10 వేశాను. కంపెనీ వైరింగ్ జోలికి పోకుండా ఇది వేరే లైను. రెండు బ్యాటరీల దగ్గరా టెర్మినల్‌కి ఆనుకునే ఫ్యూజులు. ఫ్యూజు ఉన్నది గ్యాడ్జెట్‌ని కాపాడటానికి కాదు, వైరు అంటుకోకుండా కాపాడటానికి. అందుకే దాని చోటు వైరు మొదట్లోనే.

డ్రైవ్ చేస్తుంటే గంటకి సుమారు 260 వాట్-అవర్లు ఎక్కుతాయి. నాలుగు గంటల ప్రయాణంలో ఒక రోజు ఖర్చు వచ్చేసినట్టే. ఆగిన చోట 100 వాట్ల మడత సోలార్ ప్యానెల్. పేరుకి 100, చేతికి వచ్చేది 60 దాకా.

నా కోడ్‌కి ఎంతవరకు అధికారం

ఇక మనకి ఇష్టమైన పార్ట్. ఒక ఈఎస్‌పీ32, కరెంట్ కొలవడానికి ఐఎన్‌ఏ226 చిప్, 100 ఆంపియర్లు-75 మిల్లీవోల్టుల షంట్. ఐఎన్‌ఏ226 సుమారు 82 మిల్లీవోల్టుల దాకా కొలుస్తుంది కాబట్టి ఈ షంట్ సరిగ్గా సరిపోతుంది. టెంపరేచర్‌కి డీఎస్18బీ20 సెన్సర్లు. ఫోన్‌లో డాష్‌బోర్డ్. 30 శాతానికి పడితే ఫ్రిజ్ రిలే ఆఫ్.

ఫ్రిజ్ రిలే నార్మల్లీ ఓపెన్ రకం. బోర్డ్‌కి పవర్ పోతే ఫ్రిజ్ ఆగిపోతుంది. కోడ్ హ్యాంగ్ అయితే వాచ్‌డాగ్ రీసెట్ చేస్తుంది. అంటే నా వైపు ఏం తేడా వచ్చినా చెడిపోయేది పెరుగే.

సీపాప్ లైన్ మాత్రం నా కోడ్ గుండా వెళ్ళదు. బ్యాటరీ, ఫ్యూజు, 12 నుంచి 24 వోల్టులకి మార్చే ఆ మెషీన్ కన్వర్టర్, మెషీన్. అంతే. మధ్యలో రిలే లేదు, యాప్ లేదు, వైఫై లేదు. ఇన్వర్టర్ కూడా లేదు. 12 వోల్టుల డీసీని 230 ఏసీ చేసి, అడాప్టర్‌తో మళ్ళీ 24 డీసీ చేస్తే రెండుసార్లు నష్టం. లోడ్ లేకపోయినా ఇన్వర్టర్ తినే 10 వాట్లు అదనం. రాత్రికి అదే 80 వాట్-అవర్లు. హ్యుమిడిఫయర్ హీటర్ వేస్తే లోడ్ కొన్ని రెట్లు పెరుగుతుంది. డాక్టర్‌ని అడిగి, ఆయన సరేనన్నాకే ప్రయాణాల్లో దాన్ని ఆపేస్తున్నాం. ఇవన్నీ పోయినా ఒక రాత్రి నడిపే చిన్న బ్యాకప్ బ్యాటరీ నాన్న బ్యాగులో వేరే ఉంటుంది.

ఆఫీసులో రోజంతా కోడ్ రాసేవాడిగా చెప్తున్నా. ఫీచర్లు పెంచడం తేలిక. ఏ వైరు మీద మన కోడ్ ఉండకూడదో నిర్ణయించుకోవడమే డిజైన్.

గండికోటలో రెండు రాత్రులు: లాగ్ ఏం చెప్పింది

డిసెంబర్‌లో ఒక శుక్రవారం హైదరాబాద్ నుంచి కర్నూలు మీదుగా గండికోట వెళ్ళాం. సాయంత్రానికి బ్యాటరీ ఫుల్. పెన్నా లోయ చూసొచ్చి, టిఫిన్ చేసి, నేను రెండు గంటలు ల్యాప్‌టాప్ మీద పని చేసుకున్నాక రాత్రి పదికి 86 శాతం. పొద్దున ఆరుకి 58. సీపాప్, ఫ్రిజ్, తక్కువ స్పీడులో ఫ్యాన్ కలిపి 360 వాట్-అవర్లు. చలికాలం కాబట్టి ఫ్రిజ్, ఫ్యాన్ రెండూ షీట్‌లో రాసుకున్న దానికంటే తక్కువే తిన్నాయి.

శనివారం బండి కదల్లేదు. సోలార్ 300 దాకా ఇచ్చినా రాత్రి పదిన్నరకి 47 శాతమే. తెల్లవారుజామున 3:20కి 30కి పడింది, రిలే ఫ్రిజ్‌ని ఆపింది. పొద్దున ఆరు దాటాక చూస్తే 23. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలుండాల్సింది 7కి చేరింది. పెరుగు బాగానే ఉంది. సీపాప్ మెషీన్ రికార్డులో ఒక్క గ్యాప్ లేదు. రాత్రి ఏదో ఆగిందని నాన్నకి నేను చెప్పేదాకా తెలీదు.

ప్రాణాల మీదకొచ్చే విషయం ఒకటి

2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు నిద్రలోనే చనిపోయారు. కారణం కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. కాబట్టి ఇంజిన్ ఆన్ చేసి ఏసీలో పడుకోవద్దు. జనరేటర్ వద్దు. స్టవ్ ఎప్పుడూ బండి బయటే, వాన పడుతున్నా సరే. గాలికి రెండు వైపులా కిటికీలు కొంచెం తెరిచి దోమల నెట్. పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఈ అలారం కూడా రెడీమేడ్‌దే, సొంత బ్యాటరీతో నడిచేది. నేను సెన్సర్ కొని ఈఎస్‌పీ32కి తగిలించలేదు. కారణం పైన చెప్పిందే.

ఎక్కడ ఆపుతున్నారో కూడా ముఖ్యం. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దగ్గర అడవి గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. లోపల రోడ్డు పక్కన ఆపి పడుకునే ప్లాన్ వేయకండి.

బిల్లు (బండి కాకుండా)

• లిథియం బ్యాటరీ: రూ. 28,000
• ఫ్రిజ్: రూ. 21,000
• ప్లైవుడ్, ఫోమ్, కూలీ: రూ. 14,500
• డీసీ-డీసీ ఛార్జర్: రూ. 11,500
• సోలార్ ప్యానెల్: రూ. 9,000
• వైర్లు, ఫ్యూజులు, కనెక్టర్లు: రూ. 6,000
• అలారం: రూ. 3,000
• ఈఎస్‌పీ32, షంట్, సెన్సర్లు: రూ. 2,000

మొత్తం రూ. 95,000. బడ్జెట్ తక్కువైతే సోలార్, ఫ్రిజ్ తర్వాత కొనుక్కోవచ్చు. ఫ్యూజులు, మంచి వైరు, అలారం మాత్రం మొదటి రోజే ఉండాలి.

తీసుకోవచ్చా?

ఏడాదికి రెండు ట్రిప్పులు వేసేవాళ్ళకి హోటలే చవక, అందులో అనుమానం లేదు. ఎండాకాలంలో తిరగాలనుకునేవాళ్ళు, లోపల నిలబడి దోసెలు వేసుకోవాలనుకునేవాళ్ళు కూడా ఈ సైజు వైపు చూడొద్దు. నెలకో వీకెండ్ బయటపడే అలవాటు ఉండి, కొలవడం, సోల్డరింగ్, విప్పి మళ్ళీ బిగించడం అంటే సరదా ఉన్నవాళ్ళకైతే ఇంత డబ్బుకి ఇంత మంచి గ్యాడ్జెట్ ఇంకోటి దొరకదు.

ఇదివరకు ఊరు దాటి ఎక్కడ ఉండాలన్నా "అక్కడ రాత్రి కరెంట్ పోతే?" అని నాన్న ప్రయాణమే మానుకునేవారు. ఇప్పుడు సంక్రాంతి తర్వాత అరకు వెళ్దామని ఆయనే క్యాలెండర్ మీద టిక్ పెట్టారు. అక్కడి చలికి లిథియం బ్యాటరీ సెట్టింగ్స్ ఏం మార్చాలో చూసుకునే పనిలో ఉన్నాను. సున్నా డిగ్రీల కంటే చల్లబడిన సెల్స్‌ని ఛార్జ్ చేయకూడదు. అంత చలి వ్యాన్ లోపలికి రాకపోవచ్చు, కానీ షీట్‌లో ఆ వరుస కూడా చేర్చాను.