కేదారనాథ్‌లో ఆయాసం ఎందుకు?

పిల్లలూ! మీ తాతగారో, నాయనమ్మో కేదారనాథ్ యాత్రకు బయల్దేరుతున్నారా? అయితే ఇది వారికి చదివి వినిపించండి.

ఆ గుడి సముద్రమట్టానికి 3,583 మీటర్ల ఎత్తున ఉంది. మన తిరుమల ఎత్తు అందులో సుమారు నాలుగో వంతే! అంత పైన గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. పొరపాటు. అక్కడా అది నూటికి 21 పాళ్ళే. తగ్గేది గాలి పీడనం. మన నెత్తిమీది గాలి బరువే కదా పీడనం! పైకి పోయేకొద్దీ మీద మిగిలే గాలి తక్కువ. కేదారనాథ్‌లో పీడనం సముద్రతీరంలో కన్నా మూడో వంతుకు పైగా తక్కువ. కనుక ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువూ ఆ మేరకు తగ్గుతుంది. (నీళ్ళు కూడా సుమారు 88 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే మరుగుతాయి. పప్పు ఉడకదని వంటవాళ్ళు విసుక్కోరూ మరి!)

ఈ పలుచని గాలికి దేహం అలవాటు పడాలంటే కొన్ని రోజులు కావాలి. గౌరీకుండ్ నుంచి ఒక్కరోజులో 1,600 మీటర్లు ఎక్కేవారికి ఆ వ్యవధి ఏది? హెలికాప్టరులో దిగేవారికి మరీను. తలనొప్పి, వికారం కనిపిస్తే అలసటేనని సరిపెట్టుకోరాదు, ఎక్కడం ఆపాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, నడకలో తూలు వస్తే వెంటనే కిందికి దిగాలి. గుడి ఎదురుగా కనిపిస్తుండగా వెనుదిరగడానికి పెద్దలకు మనసొప్పదు. అందుకే ఆ మాట ఇంట్లోనే, బయల్దేరకముందే తీసుకోండి.