పెద్దల పేర ఒక పిల్లవాని చదువు

పెత్రమాస వచ్చినదంటే అంజూర్ ఫాటాలోను, పద్మానగర్‌లోను మనవారి ఇండ్లలో బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు విస్తరిలో పెట్టి పెద్దల పేర అయ్యగారికి ఇవ్వటం నేటికీ చూస్తూనే ఉన్నాము. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుండి మగ్గం వెంట భివండీకి వచ్చిన కుటుంబాలు చాలా సంగతులు మరచినవి గాని దీనిని మాత్రం మరువలేదు. అదే సాయంత్రం ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతారు. పోయినవారి తలపూ, పిల్లల ఆటా ఒకే దినాన పడటం మనకు అలవాటైన సంగతే.

ఆ తలపును మరికొంచెం దూరం తీసుకొనిపోవచ్చునా అన్నది ఇప్పుడు మేము మీ ముందుంచదలచిన మాట.

నిండు నూరేళ్ళు బ్రతికి, మనుమలను ఎత్తుకొని పోయిన పెద్దల సంగతి వేరు. వారి దినవారాలకు బంధువులు వస్తారు, భోజనాలు పెడతారు, ఫోటోకు దండ వేస్తారు. కాని సాంచెల మీద పనిచేసే మనిషి నలభయ్యవ ఏట పోయిన ఇంట జరిగేది మరొకటి. పదకొండవ రోజు దాటగానే ఆ ఇంటి పెద్దకొడుకు బడి సంచి మూలకు చేరుతుంది. అదేమీ ఎవరో కూర్చుని చేసిన నిర్ణయం కాదు. మొదట నాలుగు రోజులు కండెలు చుట్టడానికి వెళ్తాడు. తరువాత తెగిన పోగు అతకటం నేర్చుకుంటాడు. ఒక సంవత్సరం తిరిగేసరికి పన్నెండు గంటల షిఫ్టులో నిలబడి ఉంటాడు. కొందరు ఇప్పుడు సాంచెలకు బదులు నాసిక్ రోడ్డు పొడుగునా వెలసిన గోదాములకు పోతున్నారు. అక్కడ చేతిలో రోజూ డబ్బు ఆడుతుంది. గుట్కా పొట్లమూ, పేకముక్కా అక్కడే పరిచయమవుతాయి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను కూలి పనిలో పెట్టరాదని 2016లో చట్టాన్ని సవరించినారు గదా అంటే నిజమే. పదిహేనో ఏడు వచ్చిన పిల్లవానిని ఆ చట్టం బడికి పంపించదు. ఎవరో ఒకరు పంపించాలి.

ఈ విషయంలో మన తెలుగువారి మధ్యనే జరిగిన ఒక ఉదాహరణ ఉన్నది. ఆచార్య మామిడిపూడి వెంకటరంగయ్యగారు నెల్లూరు సీమవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను, తరువాత మన బొంబాయి విశ్వవిద్యాలయంలోను రాజనీతి శాస్త్రం బోధించినారు. ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన స్వాతంత్ర్య పోరాట చరిత్రను నాలుగు సంపుటాలుగా సంతరించినారు. 1968లో పద్మభూషణ్ బిరుదు పొందినారు. అటువంటి పెద్దమనిషి పేర ఒక విగ్రహమో, ఒక హాలో కట్టించి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. 1981లో ఆయన పేర ఎం.వి. ఫౌండేషన్ అనే సంస్థ వెలసినది. మొదటి పదేళ్ళు అది పరిశోధనల సంస్థగానే సాగినది. 1991 ప్రాంతంలో ఆయన మనుమరాలు, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన శాంతా సిన్హాగారు, దానిని రంగారెడ్డి జిల్లా పల్లెలలోకి, పశువుల వెంటా పొలాల వెంటా తిరిగే పిల్లల దగ్గరకు నడిపించినారు.

వారు చేసిన పని వినడానికి చిన్నది. పనిలో ఉన్న పిల్లలను కొన్ని నెలలు శిబిరాలలో ఉంచి, వెనుకబడిన చదువు చెప్పి, ఈడుకు తగిన తరగతిలో మామూలు ప్రభుత్వ బడిలో కూర్చోబెట్టటం. లక్షల సంఖ్యలో పిల్లలు ఆ దారిన బడికి చేరినారు. 1997లో ప్రభుత్వోపాధ్యాయులే ముందుకు వచ్చి బాల కార్మిక విమోచన వేదిక అని పెట్టుకున్నారు. శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చినది. 2007లో జాతీయ బాలల హక్కుల సంఘానికి మొదటి అధ్యక్షురాలైనారు.

అయితే మాకు అన్నింటికంటె నచ్చినది వారి పట్టుదల. పగలు పని, రాత్రి చదువు అనే ఏర్పాటును వారు ఒప్పుకోలేదు. బడిలో లేని ప్రతి పిల్లవాడూ కూలిపిల్లవాడే అన్నారు. రాత్రిబడి పెడితే పగటి కూలికి మనమే ముద్ర వేసినట్టవుతుందని వాదించినారు. ఈ మాట మనవారిలో కొందరికి రుచించదు. రాత్రిబళ్ళలో చదివి పైకి వచ్చిన పెద్దలు మన మధ్య ఉన్నారు, వారి కష్టం తక్కువది కాదు. అయినా పన్నెండు గంటలు సాంచెల చప్పుడులో నిలబడిన పిల్లవాడు రాత్రి తొమ్మిదికి బీజగణితం వింటాడని నమ్మటం కష్టమే. మేము శాంతా సిన్హాగారి పక్షమే.

కొడుకు పోతే ఊరి పిల్లలందరినీ కొడుకులనుకున్నవారు పరదేశాలలోనూ ఉన్నారు. మన పిల్లలు చదువుకు పోవాలని కలలు కనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1884లో పదిహేనేళ్ళ ఏకైక పుత్రుడు విషజ్వరంతో పోగా, మరుసటి సంవత్సరమే ఆ తల్లిదండ్రులు అతని పేర స్థాపించినది. వారు కోటీశ్వరులు. మనకు అంత అక్కరలేదు.

ఒక ఇంటివారు తమ తండ్రిగారి సంవత్సరీకంనాడు ఒక పిల్లవానిని ఎంచుకొని పదవ తరగతి దాటేవరకు చూసుకుంటే చాలు. నోటు పుస్తకాలు పంచి ఫోటో దిగటం దీనితో సమానం కాదు, పుస్తకాలు లేక బడి మానిన పిల్లవాడు తక్కువ. ఇంటికి తెచ్చే కూలి కోసం మానినవాడు ఎక్కువ. కనుక ఆ తల్లికి నెలనెలా కొంత అందాలి, ఫీజు బడికే నేరుగా కట్టాలి, పరీక్షల ముందు ట్యూషను పెట్టాలి. ఇంట తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ మాట్లాడే మన పిల్లలకు ఆ ట్యూషను విలాసం కాదు. ఒక్క ఇంటికి భారమైతే నాలుగిండ్లవారు కలవవచ్చు. బడి మాని చాలా కాలమైనవాడు మహారాష్ట్ర బోర్డుకు 17వ నెంబరు ఫారం పెట్టుకొని ప్రైవేటుగా పదవ తరగతి వ్రాయవచ్చును. ఆ మాట చెప్పేవారు లేక ఆగిపోయినవారు మన వీధులలోనే ఉన్నారు. అది కాగానే ఐ.టి.ఐ. తలుపు తెరుచుకుంటుంది.

ఇంకొక్క మాట. పెద్దల పేరు పెట్టవచ్చును, తప్పులేదు. పిల్లవాని పేరు మాత్రం పెట్టరాదు. సభలో నిలబెట్టి, దండ వేసిన ఫోటో పక్కన వానిని చూపించి చప్పట్లు కొట్టించటం మంచిది కాదు. రేపు వాడు అదే వీధిలో తలెత్తుకొని తిరగాలి గదా. ఆపదలో ఉన్న పిల్లల ఆనవాళ్ళు పత్రికలలో బయటపెట్టరాదని 2015 నాటి బాలల న్యాయ చట్టమే చెప్పుతున్నది. మా పత్రిక కూడా అటువంటి ఫోటోలు వేయదు.

ఇల్లు విడిచి వచ్చిన పిల్లవాడు భివండీ రోడ్ స్టేషను దగ్గర కనిపిస్తే వాని చేతిలో పది రూపాయలు పెట్టి పోకండి. 1098కి ఫోను చేయండి. ఆ సహాయ నెంబరు 1996లో మన బొంబాయిలోనే పుట్టినది.

పెత్రమాస భాద్రపదంలో వస్తుంది, బడులు జూన్‌లో తెరుస్తారు. ఎండాకాలం ఊరికి పోయి జూన్‌లో బడికి తిరిగి రాని పిల్లలెవరో ఆ మొదటి రెండు వారాలలోనే తెలిసిపోతుంది. కాబట్టి పెత్రమాసనాడు పెద్దల పేర తీసి పెట్టిన సొమ్మును జూన్ వరకు విడిగా ఉంచి, ఆ రెండు వారాలలో బడి హెడ్‌మాస్టరుగారిని ఒకసారి కలిసి వచ్చుట మేలు.