వేలు పెడితే తెరుచుకునే ఫోన్‌ని ఎంత నమ్మొచ్చు?

బస్సులో పిన్ నొక్కుతుంటే పక్కవాళ్లు చూస్తారని చాలామంది వేలిముద్రకు మారారు. ఇంట్లో చదువుకున్న పిల్లలేమో, "పిన్ తెలిసిపోతే మార్చుకోవచ్చు, వేలిముద్ర పోతే ఏం మారుస్తావు?" అని భయపెడతారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ అది ఎక్కువగా వర్తించేది ఫోన్‌కి కాదు.

ఫోన్‌లో నా వేలిముద్ర ఫొటో ఉంటుందా?

ఉండదు. పక్క బటన్‌లో సెన్సర్ ఉన్న ఫోన్లలో వేలి మీది గట్లు తగిలినచోట ఒకలా, పల్లాలు ఉన్నచోట మరోలా విద్యుదావేశం నమోదవుతుంది. అద్దం కింద సెన్సర్ ఉన్న ఫోన్లలో కొన్ని వెలుతురు వేసి వేలిని చూస్తాయి, కొన్ని ఖరీదైనవి మన చెవికి వినపడని ధ్వని తరంగాలతో కొలుస్తాయి. ఎలా కొలిచినా, గీతల అమరికను అంకెల లెక్కగా మార్చి, మిగతా ఫోన్‌తో సంబంధం లేకుండా విడిగా నడిచే ఒక భద్రమైన భాగంలో దాస్తాయి. ఐఫోన్‌లో దాన్ని సెక్యూర్ ఎన్‌క్లేవ్ అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ అలాంటి ఏర్పాటే ఉంది. మీ బ్యాంకు యాప్‌కి అక్కడినుంచి వచ్చేది "సరిపోయింది" లేదా "సరిపోలేదు" అన్న కబురే. మీ వేలు ఎలా ఉంటుందో దానికి తెలియదు.

మరి ఆధార్ వేలిముద్రలు కాపీ కొట్టి డబ్బు కాజేశారని విన్నామే?

విన్నది నిజమే. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు దింపుకున్నాడు. వాటిలో జనం వేలిముద్రలూ ఉన్నాయి, ఆధార్ నంబర్లూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో ఆ ముద్రలకు నకళ్లు తయారుచేసి, ఎవరి పేరు మీదో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాత్తర్వాత ఇదే దారిలో ఆధార్ చెల్లింపుల పద్ధతి ద్వారా, అంటే ఊళ్లలో చిన్న యంత్రం మీద వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతిలో, ఖాతాలు ఖాళీ చేసిన కేసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బయటపడ్డాయి.

అక్కడ నకలు ఎందుకు పనిచేసింది? ఆధార్‌లో ముద్రను పోల్చిచూసేది దూరాన ఉన్న కేంద్ర సర్వర్. మనిషి అక్కడ ఉండక్కర్లేదు, అతని ఫోనూ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే ఏ ఊరి యంత్రమైనా సరిపోతుంది. ఫోన్‌లో పోల్చిచూడటం ఫోన్ లోపలే జరుగుతుంది కాబట్టి, దొంగకి మీ ముద్ర నకలుతో పాటు మీ ఫోనూ చేతికందాలి. ఆధార్ నకళ్లను అడ్డుకోవడానికి, వేలు ప్రాణమున్నదో కాదో చూసే పరీక్షను 2023లో ఆధార్‌ని నడిపే సంస్థ యూఐడీఏఐ తెచ్చింది. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్స్‌కి లాక్ వేసుకునే వీలు కూడా ఉంది. వేలిముద్ర పోతుందన్న బెంగ ఉన్నవాళ్లు ముందు ఆ పని చేయడం మేలు.

అంటే ఫోన్‌ని నకిలీ వేలితో తెరవలేరా?

తెరవగలరు. 2013 సెప్టెంబరులో ఐఫోన్ 5ఎస్ వేలిముద్ర తాళంతో వచ్చిన కొద్దిరోజులకే జర్మనీకి చెందిన హ్యాకర్ల సంఘం కేయాస్ కంప్యూటర్ క్లబ్ దాన్ని తెరిచి చూపింది. అద్దం మీద పడిన ముద్రని ఫొటో తీసి, అచ్చు వేసి, దానిమీద పల్చటి పొర పోసి తీశారు. ఓపిక, పనితనం, చేతిలో ఫోన్, చెరిగిపోని ముద్ర ఇన్ని కావాలి. ఫోన్ కొట్టేసి రెండు గంటల్లో అమ్ముకునే జేబుదొంగ ఇంత శ్రమ పడడు.

ఒక్కోసారి లోపం తయారీలోనే ఉంటుంది. 2019లో గెలాక్సీ ఎస్10కి బ్రిటన్‌లో ఒకావిడ చవక జెల్ స్క్రీన్‌గార్డ్ వేశాక, భర్త వేలికి కూడా అది తెరుచుకుంది. గార్డ్ మీది అల్లికనే సెన్సర్ వేలిముద్ర అనుకుందన్నమాట. సంగతి బయటపడిన నెలలోనే శామ్‌సంగ్ దాన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేసింది. కొత్త స్క్రీన్‌గార్డ్ వేయించినప్పుడల్లా ఇంట్లో ఇంకొకరి వేలు పెట్టించి చూడటం నేరమేం కాదు.

ముఖం సంగతి?

ఇక్కడ ఫోన్‌కీ ఫోన్‌కీ చాలా తేడా ఉంది. 2017లో వచ్చిన ఐఫోన్ 10 కంటికి కనపడని 30 వేలకు పైగా ఇన్‌ఫ్రారెడ్ చుక్కలను ముఖం మీద వేసి, ముక్కెంత ఎత్తు, కళ్లెంత లోతు అని కొలుస్తుంది. వేరొకరి ముఖానికి తెరుచుకునే అవకాశం పది లక్షల్లో ఒకటికన్నా తక్కువని ఆపిల్ లెక్క. అదే వేలిముద్రకి 50 వేలల్లో ఒకటి. కవలలకి, పోలికలున్న అన్నదమ్ములకి, 13 ఏళ్లలోపు పిల్లలకి ముఖం లెక్క వర్తించదని ఆపిలే చెప్పింది.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు మాత్రం సెల్ఫీ కెమెరాతో ఒక బొమ్మ తీసి పోలుస్తాయి, అంతే. నెదర్లాండ్స్ వినియోగదారుల సంఘం 110 ఫోన్లను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించింది. 42 ఫోన్లు యజమాని ఫొటో చూపిస్తే తెరుచుకున్నాయి! అదే ఏడాది వచ్చిన పిక్సెల్ 4 మామూలు ఫొటోకి లొంగే రకం కాదుగానీ, కళ్లు మూసుకుని నిద్రపోతున్నవారి ముఖానికీ తెరుచుకునేది. తర్వాత దిద్దారు.

మీ ఫోన్ ఏ రకమో తెలుసుకోవడానికి సులువైన ఉపాయం ఉంది. బ్యాంకు యాప్‌లో లాగిన్ సెట్టింగులు తెరవండి. వేలిముద్రని ఒప్పుకుని ముఖాన్ని ఒప్పుకోకపోతే, మీ ఫోన్ ముఖ గుర్తింపు బహుశా దిగువ తరగతిది. ఆండ్రాయిడ్ వీటిని మూడు తరగతులుగా విడగొట్టింది. డబ్బు వ్యవహారాలకి పై తరగతినే అడుగుతారు. పిక్సెల్ 8 లాంటివి మామూలు ముందు కెమెరాతోనే ఆ పరీక్ష దాటాయిగానీ, అలాంటివి తక్కువ.

అయితే పిన్ మానేయొచ్చా?

మానేయలేరు. ఫోన్‌ని ఆపి మళ్లీ ఆన్ చేసి చూడండి, వేలు పెట్టినా తెరుచుకోదు. లోపలి సమాచారాన్ని విప్పే తాళంచెవి మీ పిన్ ఆధారంగా తయారవుతుంది. వేలు, ముఖం ఆ తర్వాత వచ్చే వెసులుబాట్లు. అంతకన్నా ముఖ్యం, పిన్ తెలిసినవాళ్లు సెట్టింగుల్లోకి వెళ్లి తమ వేలిని కూడా చేర్చుకోగలరు. కొత్త వేలు చేరితే మంచి బ్యాంకు యాప్‌లు మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతాయి. ఫొటోలూ మెసేజ్‌లూ మాత్రం అడగవు.

నాలుగంకెల పిన్‌కి పదివేల అవకాశాలే. అందులోనూ జనం పెట్టేది 1234, లేదా పుట్టిన సంవత్సరం. కాబట్టి నా సలహా ఆరంకెల పిన్ పెట్టి, నలుగురిలో వేలు వాడమనే. పిన్ బయట నొక్కే అవసరం తగ్గిపోతే చూసేవాళ్లకీ ఏమీ దొరకదు.

కూలి పనులు చేసేవారికి, రోజంతా నీళ్లలో నానే చేతులున్నవారికి గీతలు అరిగి వేలు పడకపోవడం మామూలే. అలాంటివారు ఒకే వేలిని రెండుసార్లు, చేయి పొడిగా ఉన్నప్పుడు నమోదు చేసుకుంటే కొంత మెరుగు. ఇక నిద్రపోతుండగా వేలు పట్టి ఎవరైనా తెరుస్తారేమోనన్న అనుమానం ఉంటే, ఐఫోన్‌లో పక్క బటన్, వాల్యూమ్ బటన్ కలిపి కాసేపు నొక్కి పట్టండి. ఆండ్రాయిడ్‌లో పవర్ మెనూలో లాక్‌డౌన్ ఉందేమో చూడండి. తెల్లారి మీరు పిన్ కొట్టేదాకా వేలికీ ముఖానికీ అది తెరుచుకోదు.